పావులూరి మల్లన లెక్క

రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువనగానే మనకు నన్నయభట్టు స్ఫురించుట సహజమే గాని, మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి దెచ్చిన పావులూరి మల్లనయు ఆ కొలువునకు చెందినవాడేయని సాహిత్య చరిత్రకారులు పలువురు చెప్పుచుండగా, ఆయన పేరు మన గోదావరి సీమ బడిపిల్లలలో ఎందరికి తెలియునో యని తలచినపుడు మనస్సు చివుక్కుమనును.

చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులకును రెట్టించుచు పోయిన మొత్తమెంతయో మల్లన ఒకే చంపకమాలలో చెప్పినాడు. 18446744073709551615. వేదములన్న నాలుగు, రంధ్రములన్న తొమ్మిది, గగనమన్న సున్న, కుంజరములన్న దిగ్గజములు గనుక ఎనిమిది. ఇట్టి మాటలను ఒకట్ల స్థానమునుండి ఎడమకు పేర్చుకొని పోయినచో ఒక్క అంకెయు తప్పక ఆ సంఖ్యయే నిలుచును.

గింజ 25 మిల్లీగ్రాములు తూగుననుకొన్నచో, సగము బల్ల ముగియునప్పటికి పోగగునది సుమారు 107 టన్నులే. అది మన డెల్టా రైసుమిల్లులకు లెక్కలోనిది కాదు. తక్కిన సగముతో అది 46 వేల కోట్ల టన్నులు దాటును. ప్రపంచమంతట నేడు ఏటేట పండు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము పైమాట గనుక, మల్లన కాలమునుండి ప్రతి సంవత్సరమును ఇంత పంటయే పండియుండినచో ఆ రాశి ఇప్పటికే నిండియుండెడిది.

ఆ సంఖ్యను విడదీసినచో 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధాన సంఖ్యలు ఒక్కొక్కసారి మాత్రమే కారణాంకములుగా వచ్చును. వీనిలో 641పై నాకు ప్రత్యేకాభిమానము. 4294967297 ప్రధాన సంఖ్యయని ఫెర్మా అంతటివాడు తలపగా, దానిని 641 నిశ్శేషముగా భాగించునని 1732లో ఆయిలర్ కనుగొన్నాడు. ఆ రెండవ గణితజ్ఞుని విజయము మల్లన సంఖ్య గర్భముననే దాగియున్నది.

ఇట్టి పద్యమును తెలుగు పండితునికే విడిచిపెట్టరాదని నా దృఢాభిప్రాయము. ఛందస్సే దానిని కాపాడినదనుట సగమే నిజము. ఐదును తెలుపు ‘శర’, ఏడును తెలుపు ‘గిరి’ రెండును రెండేసి లఘువులే. యతిస్థానము కానిచోట లేఖకుడెవడైన ఒకదానికి మారుగా మరియొకటి వ్రాసినను పద్యపు నడక చెడదు, చెడునది లెక్క మాత్రమే. ఆ తప్పు పట్టగలవారు లెక్కల మాస్టారు. కావున ఆయన తన తరగతిలోనే ఈ పద్యమును నల్లబల్లపై వ్రాయించి, రెండును వర్గము చేసి, వచ్చినదానిని మరల వర్గము చేసి, ఇట్లు ఆరు మారులు చేయించి, తుదకొకటి తీసివేయించవలెను; మరుసటి పీరియడులో తెలుగు మాస్టారు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అంకె ఏల వచ్చెనో చెప్పి, పిల్లలు తేల్చిన ఫలితముతో సరిపోల్చి చూపవలెను.