బరిలోకి దిగితే బరితెగించినట్టా?

"మీ వారు పంపిస్తారా?"

నేను ట్రయథ్లాన్ పోటీలకి వెళ్తానని తెలిసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఎంత దూరం ఈదాలి, ఎంత దూరం సైకిలు తొక్కాలి, ఎన్నాళ్ళు సాధన చెయ్యాలి - ఇవన్నీ తర్వాత. ముందు పంపేవాడెవడో తెలియాలి. నాకు 47 ఏళ్ళు. 22 ఏళ్ళుగా డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇంటి అప్పు నా జీతంతోనే తీరుతోంది. అయినా నన్నెవరో ఒకరు 'పంపాలి'. పిల్లల్ని బడికి పంపుతాం, ఉత్తరాన్ని పోస్టులో పంపుతాం, ఆడదాన్ని పోటీకి పంపుతారు. ఒక్క క్రియాపదంలో సంసారం మొత్తం ఇమిడిపోయింది.

"ఎవరూ పంపడం లేదు, నేనే వెళ్తున్నాను" అన్నామనుకోండి, రెండో మాట సిద్ధంగా ఉంటుంది: "ఎంతైనా మీ ఇంట్లో సపోర్ట్ బాగుందండీ!" నా పేచీ ఈ సపోర్ట్ అనే మాటతోనే.

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు - ఒకదాని వెంట ఒకటి, మధ్యలో గడియారం ఆగకుండా. వాటిలో చిన్నదాన్ని స్ప్రింట్ అంటారు: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్స్‌లో జరిగేది దీనికి రెట్టింపు. వానలు వెనకబట్టాక నా పోటీల కాలం మొదలవుతుంది. ఈ ఏడాది కూడా అక్టోబరులో హైదరాబాదులో ఒక స్ప్రింట్‌తోనే మొదలైంది. కొలను గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్ళం పదకొండుమందిమి. గంటా 53 నిమిషాల్లో ముగించాను. ఆ 113 నిమిషాలూ నావే, అనుమానం లేదు. కానీ వాటి వెనకున్న ఆరు నెలల తెల్లవారుజాములు నా ఒక్కదానివి కావు. అవి ఎవరెవరివో లెక్క చెప్పాలి.

మేం అయిదుగురం స్నేహితులం. ఒకామె బ్యాంకులో పనిచేస్తుంది. నీళ్ళంటే భయం. అయినా కొలను గట్టు మీద కూర్చుని నా ల్యాపులు లెక్కపెట్టి, టైము నోటుబుక్కులో రాస్తుంది. ఇంకొకామెకి టైలరింగ్ షాపుంది. ఆదివారం చీకటితో నేను సైకిలు తీస్తే, వెనకే స్కూటీ మీద లైటు వేసుకుని వస్తుంది. ఆ వేళప్పుడు వెనకనించి వచ్చే బండి మనిషిని చూసి నెమ్మదిస్తోందో, ఆడమనిషిని చూసి నెమ్మదిస్తోందో చెప్పలేం కదా! మూడో ఆమె రిటైరైన నర్సు. మా అమ్మకి 78 ఏళ్ళు, పొద్దున్నే టిఫినుకి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. పోటీకి ముందు రోజు రాత్రి ఈమె వచ్చి మా ఇంట్లో పడుకుంది. నాలుగో ఆమె నాతోపాటు పనిచేసే లెక్చరరు. నా శనివారం మొదటి పీరియడ్ తను తీసుకుని, శుక్రవారం తన చివరి పీరియడ్ నాకిచ్చింది. కాలేజీ రిజిస్టరులో దాన్ని 'పరస్పర సర్దుబాటు' అని రాశారు. ఆడవాళ్ళ స్నేహానికి ఇంతకన్నా సరైన నిర్వచనం నేనింకా చదవలేదు.

మరి మా ఆయన? మంచివాడు. అడ్డు చెప్పడు. వెటకారానికి అనడం లేదు. అడ్డు చెప్పేవాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. అయితే అడ్డు చెప్పకపోవడం ఒక పనా? అందుకు ఒక్క నిమిషం కూడా ఖర్చు కాదే! నాలుగున్నరకి అలారం మోగితే అటు తిరిగి పడుకున్నందుకు మెచ్చుకోలు ఎందుకు? అక్టోబరు పోటీ అయ్యాక ఒక దినపత్రిక విలేఖరి, "మీ విజయం వెనక ఎవరున్నారు మేడమ్?" అని అడిగాడు. నలుగురి పేర్లూ చెప్పాను. అతను రాసుకున్నాడు కూడా. మర్నాడు అచ్చులో ఆ నలుగురూ లేరు. 'భర్త ప్రోత్సాహంతో' అని ఉంది. అతని మీద నాకు కోపం లేదు. ఆ వాక్యం అతను రాసింది కాదు, ఎప్పుడో అచ్చయి ఉంది. అతను ఖాళీలో నా పేరు నింపాడంతే.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. మాలాంటి ఔత్సాహికుల పోటీల్లో సాధారణంగా సైకిలు మీద ముందు పోతున్నవాళ్ళ వెనక చక్రానికి అతుక్కుని పోకూడదు. దాన్ని డ్రాఫ్టింగ్ అంటారు. ముందున్నవాళ్ళు గాలిని చీల్చుకుంటూ పోతారు, వెనకున్నవాళ్ళు తక్కువ కష్టంతో అదే వేగంతో సాగిపోతారు. ఇది అన్యాయం కాబట్టి రిఫరీ కంటపడితే పెనాల్టీ పడుతుంది. ఈ నియమం మొదటిసారి చదివినప్పుడు నాకు మా వీధి వీధంతా కళ్ళ ముందు కదిలింది. ఎంతమంది మగవాళ్ళు ముప్పై నలభై ఏళ్ళపాటు ఒక ఆడమనిషి వెనక చక్రాన్ని పట్టుకుని సాఫీగా సాగిపోయారు! క్యారేజీ సర్ది ఉంటుంది, చొక్కా ఇస్త్రీ అయి ఉంటుంది, వాళ్ళమ్మ మందులు వేళకి పడుతుంటాయి. ఎదురుగాలి ఒకరికి, వేగం ఇద్దరికీ, మెడల్ మాత్రం వెనకొచ్చినవాడికి. ఇక్కడ రిఫరీ లేడు.

పోటీ మొదలయ్యాక బయటివాళ్ళ సాయం తీసుకోకూడదని కూడా నియమం ఉంది. గట్టు మీద నిలబడ్డ స్నేహితురాలు నీళ్ళసీసా అందించినా తప్పే. నిర్వాహకులు పెట్టిన బల్లల దగ్గరే తాగాలి. మంచి నియమమే. కానీ అది హారన్ మోగాకే అమల్లోకి వస్తుంది. ఆ గీత దాకా ఎవరు ఎవరి భుజాల మీద వచ్చారో గడియారానికి పట్టదు. ఒకడు నిద్రలేచి నేరుగా వస్తాడు. ఒకతె పప్పు నానబోసి, అమ్మకి మందుల డబ్బా సర్ది, మర్నాటి కూర తరిగి ఫ్రిజ్‌లో పెట్టి వస్తుంది. ఇద్దరికీ ఒకే హారన్.

నేను అతిశయోక్తులు చెబుతున్నాననుకునేవాళ్ళకి ప్రభుత్వం లెక్కలే ఉన్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో ఆడవాళ్ళవి 289కి తగ్గాయి. సంతోషించేలోపు పక్క అంకె కూడా చూడండి, మగవాళ్ళవీ 88కి తగ్గాయి! 202 నిమిషాల తేడా 201 అయింది. అయిదేళ్ళలో తగ్గిన తేడా ఒకే ఒక్క నిమిషం. ఆ 201 నిమిషాల్లో నా పోటీ పూర్తయి, ఇంకో గంటన్నర దాకా మిగులుతుంది. మీకు ఒక కథ రాసుకోవడానికి పనికొచ్చే గంటన్నర.

ఇక ఓర్పు సంగతి. ఎక్కువసేపు శ్రమపడే ఈ ఆటలన్నీ ఓర్పుకి సంబంధించినవే. ఓర్పు అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ఆడదే కదా! భూదేవంత ఓర్పుండాలని పెళ్ళిచూపుల నాటినుంచే చెబుతారు. మరి ఆటల దగ్గరికొచ్చేసరికి ఆ ఓర్పు మీద నమ్మకం ఏమైపోయింది? 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 800 మీటర్ల పరుగు పెట్టారు. చివర్లో కొందరు అలసి నేలమీద వాలారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ పరుగు మళ్ళీ 1960 దాకా ఒలింపిక్స్‌లో కనిపించలేదు. ఆడవాళ్ళ మారథాన్ 1984లో గానీ రాలేదు. మగవాళ్ళు 1908 నుంచి ఈదుతున్న 1500 మీటర్ల ఫ్రీస్టైల్ ఆడవాళ్ళకి దక్కింది 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో! వీళ్ళ శరీరం తట్టుకోలేదని బెంగ. నడుం వంచి పొద్దుగూకేదాకా నాట్లు వేసే శరీరం గురించి, నెత్తిన బిందె, చంకన బిడ్డతో నడిచే శరీరం గురించి ఎవరూ బెంగపడలేదు. ఇతరుల కోసం పడే శ్రమ ఎంతైనా అది ఓర్పు. తనకోసం పడితే అదే మొండితనం, స్వార్థం.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయథ్లాన్ తొలిసారి ప్రవేశించింది. సెప్టెంబరు 16న ముందు ఆడవాళ్ళ పోటీయే జరిగింది, మగవాళ్ళది మర్నాడు. మరో రెండు రోజులకి, 19న, మన శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి వెయిట్ లిఫ్టింగులో కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. బరువులు మొయ్యడం మన ఆడవాళ్ళకి ఏనాడూ కొత్త కాదు. తన పేరు మీద మొయ్యడమే కొత్త.

భాష కూడా ఈ కుట్రలో భాగస్వామే. మగవాడు బరిలోకి దిగుతాడు. ఎన్నికల బరి, కుస్తీల బరి, ఏదైనా సరే అది పౌరుషం. అదే బరి ఆడదాని దగ్గరికొచ్చేసరికి 'బరితెగించింది' అవుతుంది. ఈ వయసులో మోకాళ్ళ పైదాకా బట్టలేసుకుని రోడ్డు మీద సైకిలు తొక్కుతోందని మా అపార్ట్‌మెంట్‌లో నాకు దక్కిన బిరుదు అదే. హద్దు గీసింది ఎవరని అడగకుండా, దాటిన కాళ్ళని మాత్రమే చూసే మాట అది.

ఇప్పుడు మన వైపు నుంచి వచ్చే విమర్శ. "ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా, కార్పొరేట్ ఫిట్‌నెస్ పిచ్చి. ఇందులో స్త్రీవాదం ఏముంది?" అని మన మిత్రులే కొందరు అంటారు. సైకిలు ఖరీదు, పోటీ ఫీజు నాకూ తెలుసు. అందులో సగం నిజముంది. అయితే మగవాడు టీకొట్టు దగ్గర గడిపే గంటని ఎవరూ ఇలా నిలదియ్యరు. తీరిక విలాసం కాదు, హక్కు. అది ఎవరి దగ్గర్నుంచి తీసుకుంటున్నామన్నదే అసలు ప్రశ్న. నా సాధన రోజుల్లో వంట కోసం మా ఇంట్లో పనిచేసే ఆమెని గంట ముందు రమ్మని, ఆ గంటకి వేరే జీతం ఇవ్వమని ఇంట్లోవాళ్ళ సలహా. మరి ఆ గంటలో మీ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారని ఆమెని ముందే అడిగాను. పదో తరగతి చదువుతున్న కూతురు అంది. అంటే నా ఈత గంట ఒక అమ్మాయి చదువు గంటలోంచి రావాలి! మెట్టు మెట్టుగా కిందికి జరిగి, చివరికి ఒక ఆడపిల్ల మీద ఆగే ఏర్పాటు అది. వద్దన్నాను. ఆ రెండు రోజులూ పొద్దుటి వంట మా ఆయనకి అప్పజెప్పాను. ఆయన ఉప్మా గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు. మూడేళ్ళపాటు ఊరికే అడ్డు చెప్పనందుకు ఆయన్ని మహానుభావుడన్నవాళ్ళే, పొయ్యి వెలిగించిన రోజునుంచి "పాపం, ఆయనే వండుకుంటున్నారట" అంటున్నారు.

ఇళ్ళల్లోనే కాదు, ఊళ్ళోనూ లెక్క తేలాలి. నేను మొదట చేరిన కొలనులో ఆడవాళ్ళ బ్యాచ్ పదకొండు నుంచి పన్నెండు. ఉద్యోగం చేసే ఏ ఆడది ఆ వేళకి ఈతకి రాగలదు? తెల్లవారి, సాయంత్రం వేళలన్నీ 'జనరల్'. జనరల్ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ వేశారు, పైన సోలార్ పలకల కప్పుతో సహా. బాగుంది. ఇంటినుంచి ఆ ట్రాక్ దాకా చీకట్లో చేరడానికి మాత్రం ఇప్పటికీ ఒక స్నేహితురాలి స్కూటీ లైటు కావాలి. స్నేహితులున్నారు కదా అని ప్రభుత్వమూ, మొగుడూ చేతులు దులుపుకుంటే దాన్ని సపోర్ట్ అనకూడదు, బరువు బదలాయింపు అనాలి.

రచయిత్రులైన మీతో కూడా ఒక తగాదా ఉంది. 1993లో 'నీలిమేఘాలు' వచ్చిన కాలం నుంచీ మనం శరీరం గురించి జంకకుండా రాస్తూనే ఉన్నాం. ప్రసవం, హింస, నొప్పి, కోరిక - అన్నీ రాశాం. రాయాల్సిందే. మరి తన ఇష్టం కొద్దీ చెమటోడ్చే శరీరం, గెలవకపోయినా సరే ఇంకో కిలోమీటరు పోగలనా అని తనని తాను అడిగే శరీరం మన కథల్లో ఎంత అరుదు! ఆడవాళ్ళ స్నేహాన్ని కూడా మధ్యాహ్నపు కబుర్లుగా, కన్నీళ్ళు తుడుచుకునే కొంగుగా రాస్తాం. గంటలు, పీరియడ్లు, ఇన్సులిన్ సూదులు ఇచ్చిపుచ్చుకునే శ్రమగా రాయం. మనమే లెక్క రాయకపోతే ఆ విలేఖరి ఎందుకు రాస్తాడు?

మా నర్సు స్నేహితురాలికి 61 ఏళ్ళు. నా పోటీ చూశాక తనూ డిసెంబరులో 10 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చింది. ఆ పొద్దున మూడేళ్ళ మనవడిని చూసుకోవడానికి నన్ను రమ్మంది. ఆ రోజు కొడుకు ఇంట్లోనే ఉంటాడు. నేను పరుగు ముగిసేచోట నీళ్ళసీసాతో నిలబడతానని, పిల్లవాడి సంగతి కొడుకునే అడగమని చెప్పాను. అడిగింది. అతను ఇంకా జవాబు చెప్పలేదు.