అహింస అంటే తలవంచడం కాదు



మన్యం పోరాటం అనగానే మనకు 1922 నాటి రంప తిరుగుబాటు, అల్లూరి, గాం గంటందొర గుర్తొస్తారు. మరి సీలేరు అవతల, మల్కన్‌గిరిలో ఆయుధం పట్టకుండా పోరాడి ఉరికంబం ఎక్కిన లక్ష్మణ్ నాయక్ గురించి మనలో ఎంతమందికి తెలుసు?

ఆయన 1899లో తెంతులిగుమ గ్రామంలో పుట్టారు. భూమియా తెగ. తండ్రి జయపురం సంస్థానంలో శిస్తు వసూలు చేసే ముస్తాదారు. కావాలనుకుంటే ఆయనా ఆ నీడలోనే హాయిగా బతికేవారు. కానీ జనం పడుతున్న వెట్టి, పన్నుల బాధ చూసి ఊరుకోలేకపోయారు. కాంగ్రెస్‌లో చేరి, గాంధీ మాటను కొండ ఊళ్లకు మోసుకెళ్లారు. అందుకే ‘మల్కన్‌గిరి గాంధీ’ అయ్యారు.

1942 ఆగస్టు 21న జనాన్ని వెంటబెట్టుకుని మథిలి పోలీస్ స్టేషన్‌కు ఊరేగింపుగా వెళ్లారు. పోలీసులు కాల్పులు జరిపారు, మనవాళ్లు నేలకొరిగారు. ఆ రోజే ఒక ఫారెస్ట్ గార్డు కూడా చనిపోయాడు. ఆ హత్యానేరం నాయక్ మీద మోపారు. 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు.

‘శాంతిగా ఉంటే ఆయనకేం దక్కింది, ఉరే కదా?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒకటి ఆలోచించండి. తుపాకీ కొందరే పట్టగలరు. ‘మేం ఒప్పుకోం’ అనే మాట మాత్రం ముసలమ్మ కూడా అనగలదు, ఊరంతా కలిసి అనగలదు. 2013లో నియమగిరిలో జరిగింది అదే. బాక్సైట్ తవ్వకం మీద 12 గ్రామసభలు పెడితే, పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియా కోందులు ఒక్క తూటా పేల్చకుండానే కొండను కాపాడుకున్నారు.

ఆ గ్రామసభ హక్కు మనకూ ఉంది. పీసా చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. మరి మన ఊళ్లో సభకు ఎంతమంది వెళ్తున్నాం? చదవకుండానే తీర్మానం మీద సంతకం పెట్టేస్తే ఇక చట్టం ఏం చేస్తుంది?

కొరాపుట్ మెడికల్ కాలేజీకి లక్ష్మణ్ నాయక్ పేరు పెట్టారు. మంచిదే. కానీ పేరు పెట్టడం, ఫోటోకి దండేయడం తేలిక. చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి గ్రామసభకు మీరే ముందు వెళ్లండి. తీర్మానం గట్టిగా చదివి, పెద్దలకు మన భాషలో చెప్పండి. నచ్చకపోతే వద్దనండి.

ఆయన ప్రాణమిచ్చి నిలబెట్టిన మాట అదే.

జై ఆదివాసీ!