కెమెరా సరే... కన్ను సంగతేంటి?

తెల్లవారుజాము మూడున్నర. ముహూర్తం దగ్గరపడింది. సన్నాయి జోరందుకుంది. పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్య అడ్డుతెర. చుట్టూ ఉన్న బంధువులంతా ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. ఇద్దరూ ఒకరి తలమీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. తెర తీశారు. పెళ్లికూతురు కళ్లెత్తి చూసింది. మూడు సెకన్లు... అంతే! మళ్లీ తల దించేసుకుంది.

ఆ మూడు సెకన్లూ వీడియోలో పడ్డాయా, లేదా? పెళ్లి వీడియోలు తీసేవాడి పేరూ, బేరమూ ఆ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంటాయి. సినిమావాళ్లయితే ఇంకోసారి తీసుకుంటారు. ముహూర్తానికి రెండో టేకు ఉండదు.

చిన్న పట్టణంలో స్టూడియో నడుపుకొనే ఓ కుర్రాడిని ఊహించుకోండి. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి కొత్త కెమెరా కొన్నాడు. తెచ్చిన డబ్బంతా బాడీకే సరిపోయింది. దాంతోపాటు పెట్టెలో వచ్చిన లెన్సుతోనే సర్దుకున్నాడు. విజిటింగు కార్డు మీద '4కే' అని పెద్దక్షరాలతో వేయించాడు కూడా. తీరా ఇంటికెళ్లి కంప్యూటర్లో వేసి చూస్తే పెళ్లికూతురి ముఖం మీద ఇసుక చల్లినట్టు చుక్కలు! అదే పెళ్లికి అమ్మాయి తరఫున వచ్చిన ఇంకో స్టూడియోవాడి కెమెరా పాతదే. అయినా అతని బొమ్మ కడిగిన ముత్యంలా ఉంది. తేడా బాడీలో లేదు. దాని ముందున్న గాజులో ఉంది.

షట్టర్ చేతులు కట్టేశారు

ఫొటోకైతే వెలుతురు చాలనప్పుడు షట్టర్ వేగం తగ్గించుకుని, ఊపిరి బిగబట్టి నొక్కేయొచ్చు. వీడియోలో ఆ వెసులుబాటు లేదు. సెకనుకు 25 ఫ్రేములు తీస్తున్నప్పుడు ఒక్కో ఫ్రేముకు సెకనులో 50వ వంతు వెలుతురు పడితేనే కదలిక కంటికి సహజంగా కనిపిస్తుంది. పైగా మన కరెంటు 50 సైకిళ్లది. ట్యూబులైట్లు, చాలా రకాల చవక బల్బులు సెకనుకు వందసార్లు వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి. కంటికి తెలియదు కానీ కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ 50వ వంతు దగ్గర ఉంటే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మెరుపులు పడతాయి, పేచీ ఉండదు. 60వ వంతు పెట్టారో, తెరమీద నల్లటి చారలు పాకడం మొదలవుతుంది. అందుకే కెమెరా కొనగానే మెనూలోకి వెళ్లి 'పాల్' పద్ధతి, 25 ఫ్రేములు ఎంచుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

అలా షట్టర్ చేతులు కట్టేశాక మిగిలేవి రెండే. ఒకటి లెన్సు కంత, అంటే అపెర్చర్. రెండోది ఐఎస్ఓ. పెట్టెలో వచ్చే మామూలు లెన్సు దూరాన్ని దగ్గరకు లాగినప్పుడు ఎఫ్ 5.6కు కుంచించుకుపోతుంది. ఎఫ్ 2.8 లెన్సు దానికి నాలుగు రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. ఎఫ్ 1.8 అయితే దాదాపు పది రెట్లు. అంటే, ఎఫ్ 2.8 లెన్సు ఉన్నవాడు ఐఎస్ఓ 3,200తో తీసిన దృశ్యాన్నే మన కుర్రాడు 12,800కి పెంచి తీయాల్సి వచ్చింది. ఆ ఇసుక రాలింది అక్కడి నుంచే.

ఇంకో తిరకాసూ ఉంది. మామూలు జూమ్ లెన్సుల మీద 'ఎఫ్ 3.5-5.6' అని రెండంకెలు కనిపిస్తాయి. జూమ్ చేసేకొద్దీ కంత చిన్నదవుతుందని దానర్థం. ఫొటోలో ఎవరికీ పట్టదు. వీడియోలో మాత్రం షాటు నడుస్తుండగానే బొమ్మ మసకబారుతుంది. అందుకే వీడియోకి జూమ్ కొనేవాళ్లు మొదటి నుంచి చివరిదాకా ఒకే అంకె ఉండే లెన్సునే వెతుక్కోవాలి.

ఎక్కడ నిలబడి తీస్తారు?

దుకాణానికి వెళ్లగానే 'ఏ కెమెరా మంచిది?' అని అడుగుతారు చాలామంది. ముందు తమను తాము అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. తీసేది ఏమిటి, ఏ వెలుతురులో, ఎంత దూరం నుంచి? పెళ్లికూతురిని అలంకరించే గది ఇరుకు. అక్కడ 24 మిల్లీమీటర్లు కావాలి. మండపం మీద 24-70 జూమ్ ఒక్కటే సగం పని చేసిపెడుతుంది. బంధువులు అడ్డం నిలబడిపోయి, కుర్చీల వెనక నుంచి కళ్లను పట్టుకోవాలంటే 70-200 తప్పదు.

ఈ అంకెలన్నీ 36×24 మిల్లీమీటర్ల పెద్ద సెన్సరుకు, అంటే ఫుల్‌ఫ్రేముకు చెప్పేవి. ఏపీఎస్-సీ అనే మధ్యరకం సెన్సరైతే 1.5తో (కెనాన్‌లో 1.6తో), మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సరైతే 2తో హెచ్చవేసుకోవాలి. ఏపీఎస్-సీ బాడీకి 50 లెన్సు బిగిస్తే 75లా చూస్తుంది. ముఖాలకు బాగుంటుంది. ఇరుకు గదిలో గోడకు వీపు ఆనించినా నలుగురు పట్టరు. అలాగని చిన్న సెన్సరును తీసిపారేయక్కర్లేదు. లెన్సులు తేలిక, ఖరీదూ తక్కువ. పది గంటలు భుజాన మోసేవాడికి ఆ తేలికే వరం. చీకట్లో మాత్రం పెద్ద సెన్సరుదే పైచేయి.

మొదలుపెట్టేవాళ్లకు రెండు లెన్సులు చాలు. ఎఫ్ 2.8 జూమ్ ఒకటి. ఎఫ్ 1.8 స్థిర లెన్సు ఒకటి. 70-200 లాంటి ఖరీదైనదాన్ని పెళ్లి కుదిరినప్పుడు అద్దెకు తెచ్చుకోవచ్చు. పది పెళ్లిళ్లకు అద్దె కట్టాక కూడా అది లేకపోతే గడవదనిపిస్తే అప్పుడు కొనుక్కోవచ్చు.

పట్టుచీర... బంగారం

బాడీ పట్టుచీర లాంటిది. కొన్నరోజు మెరుపే మెరుపు. నాలుగేళ్లు తిరిగేసరికి ఫ్యాషను మారిపోతుంది. లెన్సు బంగారం. పాతబడినా తూకం తగ్గదు. చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

2008లో నికాన్ డీ90 వచ్చింది. వీడియో తీసే తొలి డీఎస్ఎల్ఆర్ అదే. అదే ఏడాది కెనాన్ 5డీ మార్క్ 2 ఫుల్‌ఫ్రేములో 1080 వీడియో తీసి చూపించింది. అమెరికాలో 'హౌస్' టీవీ సీరియల్ 2010లో ఒక సీజన్ ఆఖరి భాగాన్ని దాంతోనే చిత్రీకరించారు. మన దగ్గర రామ్‌గోపాల్ వర్మ 5డీ కెమెరాలతో అయిదు రోజుల్లో 'దొంగల ముఠా' తీసి 2011లో విడుదల చేశారు. అప్పట్లో ఆ బాడీ ఓ సంచలనం. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ దుకాణంలో మూలన ఉంటుంది. కానీ దాని ముందు బిగించిన ఈఎఫ్ లెన్సులో? ఆ మౌంటు 1987లో పుట్టింది. 2018లో కెనాన్ ఆర్ఎఫ్ అనే కొత్త మౌంటుకు మారినా, మధ్యలో ఓ గొట్టం లాంటి అడాప్టర్ బిగిస్తే ఈఎఫ్ లెన్సులు ఆటోఫోకస్ సహా పనిచేస్తున్నాయి. బాడీ మీద మోజుపడ్డవాడు నష్టపోయాడు. మంచి లెన్సు కొన్నవాడు నిలదొక్కుకున్నాడు.

అడాప్టర్ రహస్యం చిన్నదే. లెన్సు కూర్చునే చోటుకీ, సెన్సరుకీ మధ్య దూరం ఈఎఫ్‌లో 44 మిల్లీమీటర్లు. అద్దం లేని కొత్త ఆర్ఎఫ్‌లో 20. మిగిలిన 24 మిల్లీమీటర్లే ఆ గొట్టం పొడవు. కొత్త లెన్సును పాత బాడీకి తగిలించడం మాత్రం కుదరదు. గొట్టాన్ని కలపగలం కానీ ఉన్న దూరాన్ని కోసేయలేం కదా! 1959 నాటి నికాన్ ఎఫ్ మౌంటు లెన్సులు ఇంట్లో అటక మీద ఉంటే అవీ ఇలాగే పనికొస్తాయి. చాలా పాతవాటికి ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. షార్ట్‌ఫిల్ముకు బాగుంటుంది. ముహూర్తానికి వద్దు.

కాబట్టి కెమెరా కొనడమంటే నిజానికి మౌంటుతో సంబంధం కలుపుకోవడం. అబ్బాయిని చూసి సరిపెట్టుకోకుండా కుటుంబాన్ని కూడా విచారించినట్టు, బాడీ వెనకున్న లెన్సుల కుటుంబాన్ని చూడాలి. 2010లో వచ్చిన సోనీ ఈ-మౌంటుకు సిగ్మా, టామ్రాన్ లాంటి బయటి కంపెనీల లెన్సులు పుష్కలం. తక్కువ ధరలో ఎఫ్ 2.8 దొరుకుతుంది. కెనాన్ ఆర్ఎఫ్‌లో ఆ తలుపు చాలాకాలం మూసే ఉంది. 2024లో ఏపీఎస్-సీ లెన్సుల వరకు కాస్త తెరిచారు. ఇంట్లో ఈఎఫ్ లెన్సులున్నవాళ్లకు మాత్రం అదే పుట్టిల్లు. లైకా, పానాసోనిక్, సిగ్మా 2018లో చేతులు కలిపి ఎల్-మౌంటును ఉమ్మడి చేశాయి. పానాసోనిక్‌లో పాత బాడీ కొనేవాళ్లు ఒకటి గమనించాలి. కదిలే మనిషిని వదలకుండా పట్టుకునే ఫేజ్ డిటెక్షన్ ఆటోఫోకస్ ఆ లూమిక్స్ కెమెరాల్లోకి వచ్చింది 2023లో, ఎస్5-2 మోడల్‌తోనే.

చిన్న విషయాలే... కొంప ముంచేవి

బాడీ ఎంచుకునేటప్పుడు 8కే ఉందా అని కాదు, కార్డులు రెండు పడతాయా అని చూడాలి. ఒక కార్డు చెడిపోతే రెండోది కాపాడుతుంది. పెళ్లి వీడియో పోతే డబ్బు వెనక్కిచ్చినా పరువు వెనక్కి రాదు. సెకనుకు 100 మెగాబిట్ల 4కే అంటే గంటకు 45 జీబీ. అయిదు గంటల పెళ్లికి 225 జీబీ. రెండు కార్డుల్లోనూ ఒకేసారి ఎక్కించుకుంటే దానికి రెట్టింపు. కార్డుల ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

మే నెల పెళ్లిళ్లలో కెమెరా వేడెక్కి ఆగిపోతుందేమో ఎండలోనే పరీక్షించాలి. కొన్ని పాత కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. అది లోపం కాదు. అరగంట దాటి తీసేవాటిని వీడియో కెమెరాలుగా లెక్కగట్టి పన్నేసే ఐరోపా సుంకాల నిబంధన తెచ్చిన తంటా. కొనేముందు అడిగి తెలుసుకోవాలి. మైకు పెట్టుకునే రంధ్రం ఉందా అన్నది ఇంకా ముఖ్యం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు. మంత్రాలు వినపడకపోతే ఎవరూ చూడరు.

సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనేవాళ్లు చీకటి గదిలో టార్చి వేసి లోపలికి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బూజు పట్టినట్టే. సముద్ర తీరం ఊళ్లలో గాలి తేమకు ఇది మామూలే. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచుకుంటే చాలా ఏళ్లు నిలుస్తుంది.

ఇక మన కుర్రాడి సంగతి. అతను తెచ్చిన డబ్బు తక్కువేమీ కాదు. ఖర్చు పెట్టిన వరసే తలకిందులైంది. ముందు లెన్సు, దానికి తగ్గ మౌంటు, ఆ తర్వాత మైకూ కార్డులూ, మిగిలినదాంట్లో నిన్నటి మోడల్ బాడీ... ఈ వరసలో వెళ్లి ఉంటే సరిపోయేది. ఇప్పటికీ మించిపోయింది లేదు. ఉన్న బాడీ అమ్మక్కర్లేదు. ఎఫ్ 1.8 స్థిర లెన్సు ఒక్కటి కొని బిగిస్తే ఆ ఇసుక చాలావరకు పోతుంది.

పెళ్లివాళ్లు అయిదేళ్ల తర్వాత ఆ వీడియో వేసుకుంటారు. ఏ కంపెనీ కెమెరా, ఎన్ని 'కే'లు అని ఒక్కరూ అడగరు. పెళ్లికూతురు కళ్లెత్తి చూసిన మూడు సెకన్ల దగ్గర మాత్రం ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూస్తారు.