ఊరి పేరు ముక్కలు కాకూడదు

సర్టిఫికెట్లు, ప్రశంసాపత్రాలు, ఆహ్వానాలు ఇప్పుడు చాలాచోట్ల ఒక్కొక్కటిగా తయారు చేయడం లేదు. ఖాళీ నమూనా సర్వర్‌లో ఉంటుంది. పేరు, ఊరు టైపు చేయగానే పీహెచ్‌పీ అనే వెబ్ భాషలో రాసిన ప్రోగ్రామ్ వాటిని నమూనా మీద రాసి కొత్త బొమ్మ చేతికిస్తుంది. ఊరు న్యాల్‌కల్ అయితే ఆ బొమ్మను కాస్త నిదానంగా చూడాలి.

న్యాల్‌కల్ మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో పది సంకేతాలు: న, పొల్లు, య, దీర్ఘం, ల, పొల్లు, ల్-కలను విడదీసే కనిపించని గుర్తు, క, ల, పొల్లు. వీటిని మళ్లీ నాలుగు అక్షరాలుగా కూర్చాలి. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పీహెచ్‌పీలో బొమ్మల పని ఎక్కువగా జీడీ లైబ్రరీ చేస్తుంది. ఫొటో కుదించడం, కత్తిరించడం, వాటర్‌మార్క్ వేయడం దానికి తేలిక. అక్షరాలను మాత్రం మామూలుగా వరసగా పేర్చుకుంటూ పోతుంది. ఇంగ్లిష్‌కు అది చాలు. తెలుగులో యకారం ఒత్తుగా మారాలి, దీర్ఘం చేరితే తలకట్టు పోవాలి. ఏ రూపం ఎప్పుడు రావాలో ఫాంటు నియమాలను చదివి తేల్చే షేపింగ్ ఇంజిన్ లేకపోతే, ఎంత మంచి ఫాంటు పెట్టినా పొల్లు ఒకచోట, య మరోచోట పడతాయి.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షర సమూహాన్ని చూపించబోయి ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా గోల పెట్టింది, ఆపిల్ అదే నెలలో సరిచేసింది. సర్టిఫికెట్‌లో ఒత్తు విరిగితే గోల పెట్టేవారు లేరు. పైగా ‘పేరు ఇంగ్లిష్‌లో ఇవ్వండి’ అనేస్తే సరిపోతుందనుకుంటారు. నా అభ్యంతరం దీనికే. యంత్రం లోపానికి మన లిపి తప్పుకోవడమేమిటి?

మందు ఉచితంగానే ఉంది. హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్, దాని మీద నడుస్తూ పాఠాన్ని అమర్చే పాంగో ఎవరైనా వాడుకోవచ్చు. పాంగోతో కలిపిన ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌ను పీహెచ్‌పీ నుంచే పిలవొచ్చు. అదీ కాదంటే సర్వర్‌లోనే బ్రౌజర్‌తో పేజీ గీయించి బొమ్మగా తీసుకోవచ్చు.

న్యాల్‌కల్ తెలంగాణలో, కర్ణాటకలోని బీదర్ సరిహద్దున ఉన్న మండలం. అక్కడ తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ కూడా వినిపిస్తాయి. కన్నడానికీ ఒత్తులున్నాయి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, అక్షరాలు కలుపుకుంటూ నడుస్తుంది. పైగా తెలంగాణలో రెండో అధికార భాష. షేపింగ్ సరిగా అమరిస్తే మూడు లిపులూ నిలబడతాయి.

అందుకే, బొమ్మలు తయారుచేసే ఏ ప్రభుత్వ వెబ్‌సైట్‌కైనా బిల్లు చెల్లించే ముందు న్యాల్‌కల్, లక్ష్మి, స్త్రీ అన్న మాటలతో, కన్నడ, ఉర్దూ పేర్లతో పరీక్ష పెట్టాలి. టైపు చేసిన గడిలో కాదు, చివరికి వచ్చిన బొమ్మలో చూడాలి. ఆ భాష చదవగలిగిన మనిషి చూసి సంతకం చేయాలి. బొమ్మ వెంట అదే పాఠం యూనికోడ్‌లోనూ ఉండాలి. చూపులేనివారి స్క్రీన్ రీడర్‌కు అందేది ఆ పాఠమే. ఇవన్నీ టెండర్ షరతుల్లో రాసి ఉండాలి. మనిషి పేరు, ఊరి పేరు సరిగ్గా రాయలేని పనిని పూర్తయిన పనిగా లెక్కగట్టకూడదు.