తాళంచెవి ఎవరి చేతిలో ఉండె?

పోయిన నెల ఒకనాడు, మొదటి షిఫ్టు వదిలినాక గేటు బయట టీ అంగడి కాడ మన పిల్లోళ్ళు నలుగురు గట్టిగా వాదులాడుకుంటాండారు. బోనస్ సంగతేమో అనుకొని నేనూ పక్కన కూర్చున్నా. బోనస్ కాదు, సిరియా. ఒకని ఫోన్‌లో పాత వీడియో ఉంది. నేల మీద వరసగా పండబెట్టిన పసిపిల్లలు. ఒంటి మీద దెబ్బ లేదు, నెత్తురు చుక్క లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నారు.

"ఇది ఆ దేశం సర్కారే చేసింది" అని ఒకడు. "కాదప్పా, తిరగబడినోళ్ళే చేసి సర్కారు మీదికి తోసినారు" అని ఇంకొకడు. మూడోవాడు, "అందరూ దొంగలే, మనకెందుకు లేప్పా" అని గ్లాసు కింద పెట్టినాడు. నాలుగోవాడు మాత్రం నా దిక్కు తిరిగి, "మామా, నువ్వు బ్లీచింగ్‌లో శానా ఏండ్లు చేసినావు కదా. అక్కడ క్లోరిన్ కూడా వాడినారంట. మనం వాడే క్లోరినేనా అది?" అన్నాడు.

అదే. ఆ జవాబు చెప్పినాక నలుగురూ కాసేపు మాట్లాడలేదు. ఆ రోజు సగంలో ఆగిన మాట ఈ నెల ఇక్కడ రాస్తున్నా.

క్లోరిన్ లేకుంటే మనకు పూట గడవదు. గుడ్డ తెల్లబడాలన్నా, జీన్స్ ప్యాంటు రంగు దిగాలన్నా, కొళాయి నీళ్ళు తాగేటట్టు ఉండాలన్నా అదే దిక్కు. కానీ గాలి కన్నా రెండున్నర రెట్లు బరువు. వదిలితే పైకి పోదు, నేలను పట్టుకొని పల్లానికి పాకుతుంది. ఊపిరితిత్తుల్లోని తడి తగిలితే ఆమ్లం అవుతుంది. మనిషి ఒడ్డు మీదే ఉండి నీళ్ళలో మునిగినట్టు కొట్టుకుంటాడు.

దీన్ని యుద్ధంలో పెద్ద ఎత్తున మొదట వాడింది 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలో ఈప్ర్ అనే ఊరి కాడ. జర్మన్ సైన్యం సిలిండర్ల మూతలు తిప్పి గాలివాటాన వదిలింది. నాలుగు రోజులకు అక్కడికే మన దేశం సిపాయిల లాహోర్ డివిజన్‌ను ఎదురుదాడికి పంపినారు. మాస్కులు లేవు, తడిగుడ్డలే దిక్కు. ఎవరి యుద్ధమో, ఎవరి ఊరో, ఊపిరి మాత్రం మనోళ్ళది.

ఇంక సిరియా. 2013 ఆగస్టు 21 తెల్లవారుజామున డమాస్కస్ పక్కన ఘౌతా అనే ప్రాంతం మీద రాకెట్లు పడినాయి. ఆ ప్రాంతం తిరుగుబాటుదారుల చేతిలో ఉండేది. చచ్చినవాళ్ళ లెక్క ఒక్కొక్కరు ఒక్కోరకంగా చెప్పినారు. కొందరు కొన్ని వందలన్నారు, అమెరికా 1,429 అన్నది. ఐక్యరాజ్యసమితి నిపుణులు సెప్టెంబరు 16న నివేదిక ఇచ్చి, వాడింది సారిన్ అనే విషం, వచ్చింది నేల మీద నుంచి వదిలిన రాకెట్లలో అని తేల్చినారు.

ఎవరు వదిలినారో మాత్రం అందులో రాయలేదు. తెలుసుకోలేక కాదు, ఆ ప్రశ్న వాళ్ళకు ఇవ్వనేలేదు. విషం వాడినారా లేదా అన్నది చూడమన్నారు గానీ ఎవరు వాడినారో చూడమనలేదు. బళ్ళారి వాళ్ళకు ఈ మాట వెంటనే అర్థమైతుంది. 1953లో ఈ జిల్లాను విడగొట్టినప్పుడు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి, బళ్ళారి ఎటు పోవాలో చూడమని మిశ్రా కమిషన్‌ను వేసినప్పుడు, మన పెద్దోళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్న పాఠం ఇదే. కమిషన్‌కు ఏ ప్రశ్న ఇస్తారో దానికే జవాబు వస్తుంది. ఇవ్వని ప్రశ్నకు జవాబు రాదు.

ఆ తర్వాత సిరియా రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో చేరింది. 1,300 టన్నుల విషపదార్థాలు ఉన్నాయని లెక్క చూపించింది. లటాకియా రేవు నుంచి ఓడల్లో బయటికి తీసినారు. అందులో బాగా ప్రమాదమైన వాటిని కేప్ రే అనే అమెరికా ఓడ మీదే, నడిసముద్రంలో, పనికిరాకుండా చేసినారు. ఈ పని చూసే హేగ్‌లోని సంస్థకు ఆ ఏడే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అంతా అయిపోయిందనుకున్నారు. కాలేదు. చూపించిన సరుకు పోయింది, చూపించనిది మిగిలింది. పైగా క్లోరిన్ ఆ లెక్కలో రానే రాదు. అది నీళ్ళకూ గుడ్డలకూ వాడే సరుకు కదా, దాచిపెట్టుకుంటే నేరం కాదు. మనుషుల మీద వదిలితేనే నేరం.

అప్పుడు 2015లో "ఎవరు" అని అడిగే అధికారంతో ఇంకొక దర్యాప్తు బృందాన్ని వేసినారు. వాళ్ళు పట్టుకున్న దారి చూడండి. తల్మెనెస్, సర్మీన్ అనే ఊర్ల మీద క్లోరిన్ డబ్బాలు హెలికాప్టర్ల నుంచి పడినాయి. ఆ యుద్ధంలో హెలికాప్టర్లు ఎవరికి ఉండినాయి? సర్కారుకే. కాబట్టి ఆ రెండూ సర్కారు పని. మారియా అనే ఊర్లో మస్టర్డ్ గ్యాస్ గుండ్లు పడినాయి. అది ఐసిస్ పని అని అదే బృందం తేల్చింది. 2017 ఏప్రిల్‌లో ఖాన్ షేఖూన్‌లో సారిన్ పడితే, ఆ నమూనాను సర్కారు పాత నిల్వల నమూనాతో పోల్చి చూసినారు. నూలు పట్టుకొని చూసి ఇది ఏ మిక్సింగో చెప్తాము కదా, అట్లే. రెండూ కలిసినాయి.

అంటే మన పిల్లోళ్ళ వాదంలో ఇద్దరికీ సగం సగం తెలుసు. విషం వాడినవాళ్ళు రెండు దిక్కులా ఉండినారు. కానీ "అందరూ దొంగలే" అనే మూడోవాని మాట మాత్రం నేను ఒప్పుకోను. ఏ ఊరికి ఆ ఊరు, ఏ రోజుకు ఆ రోజు, రుజువు వేరే. అందరూ దొంగలే అంటే అసలు దొంగకు అంతకన్నా ఏం కావల్ల?

ఆ బృందం జవాబులు చెప్పడం మొదలుపెట్టినాక ఏమైంది? 2017 నవంబరులో రష్యా వీటో వేసింది, బృందం గడువు అయిపోయింది. మరుసటి ఏడు హేగ్ సంస్థ సభ్యదేశాలు ఓట్లు వేసుకొని, ఎవరు చేసినారో చెప్పే అధికారం ఆ సంస్థకే ఇచ్చినారు. 2018 ఏప్రిల్ 7న డూమాలో ఒక ఇంటి మీద క్లోరిన్ సిలిండర్ పడి 43 మంది చచ్చినారు. అది సిరియా వైమానిక దళం హెలికాప్టర్ నుంచే పడిందని నమ్మడానికి తగిన ఆధారాలు ఉన్నాయని చెప్పడానికి 2023 జనవరి దాకా పట్టింది. ఆ దర్యాప్తు పద్ధతి మీద అదే సంస్థలో పనిచేసిన కొందరు అభ్యంతరాలు కూడా చెప్పినారు. సిరియా సర్కారు, రష్యా ఒప్పుకోలేదు. 2024 డిసెంబరులో ఆ సర్కారే కూలిపోయింది. మిగిలిన నిల్వలు చూపించి తీసేస్తామని కొత్తవాళ్ళు 2025 మార్చిలో హేగ్‌కు పోయి మాట ఇచ్చినారు. మన దేశం కూడా 1997లో తన కాడ ఉన్న వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ గ్యాస్‌ను లెక్క చూపించి, 2009 నాటికి మొత్తం నాశనం చేసింది. ఆ పని చేతనైతుందనడానికి అదే రుజువు.

ఇంతదాకా ఊరుగాని ఊరి కథ. ఇంక నా కథ ఒకటి చెప్పల్ల. అది చెప్పకుండా ఇదంతా రాస్తే నాకే తప్పుగా ఉంటుంది.

శానా ఏండ్ల కింద నేను పనిచేసిన ఒక మిల్లులో, నేను మేస్త్రీగా ఉన్నప్పుడు, సిలిండర్ వాల్వు కాడ గ్యాస్ లీకైంది. హెల్పర్ ఒకడు దగ్గరగా ఉండి పీల్చినాడు. వాషర్లు అరిగినాయని అంతకు ముందే రెండుసార్లు చీటీ రాసిచ్చినా, కొత్తవి రాలేదు. ఆ గది తాళంచెవి సూపర్‌వైజర్ రూములో మేకుకు వేలాడేది. మాస్కులు బీరువాలో ఉండేవి, బీరువా చెవి ఇంకొకరి కాడ. ఎంక్వైరీ అయింది. "గ్యాస్ లీకైనది. కార్మికుని అజాగ్రత్త" అని రెండు వాక్యాలు రాసి, కింద సాక్షి అని నా పేరు పెట్టినారు. నేను సంతకం చేసినా. ఇద్దరు పిల్లల బడి ఫీజు, ఇంటి బాడుగ, అవన్నీ అప్పుడు నా కండ్ల ముందు ఉండె. ఆ పిల్లోడు ఆ తర్వాత మూడు మెట్లు ఎక్కితే కూర్చొనేవాడు. నాలుగేండ్లకు పోయినాడు. వాని పెండ్లాము ఇప్పటికీ పాల అంగడి కాడ కనిపిస్తే "బాగుండావా అన్నా" అని అడుగుతుంది. ఆ కాగితం సంగతి ఆ యమ్మకు తెలుసు.

నన్ను ఎవరూ అబద్ధం రాయమనలేదు. ఏ ప్రశ్న అడగాలో వాళ్ళే నిర్ణయించినారు. వాల్వు దగ్గర ఎవరి చెయ్యి ఉంది అని మాత్రమే అడిగినారు. తాళంచెవి ఎవరి చేతిలో ఉండె అని అడగలేదు. నేనూ అడగలేదు.

తర్వాత యూనియన్ వకీలు ఒకాయన చెప్తే తెలిసింది. 1923 నాటి పరిహార చట్టంలో కూడా ఉత్త అజాగ్రత్త అన్నంత మాత్రాన పరిహారం పోయేది కాదు. తాగి ఉన్నాడనో, భద్రత నియమాన్ని కావాలని మీరినాడనో, రక్షణ పరికరాన్ని కావాలని తీసేసినాడనో రుజువు చెయ్యాల్సి ఉండె. ఆ ఒక్క మాట నాకు ముందే తెలిసుంటే సంతకానికి ముందు పెన్ను కింద పెట్టేవాణ్ణేమో. పెట్టేవాణ్ణే అని గట్టిగా చెప్పలేను.

ఇంకొక మాట కూడా ఆయనే చెప్పినాడు. భోపాల్ అయిన ఏడాదికి, 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైంది. ఆ కేసులో 1986లో సుప్రీంకోర్టు ఒక సూత్రం పెట్టింది. ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాడు, దానివల్ల ఎవరికి హాని జరిగినా పూర్తిగా బాధ్యుడే. నేను జాగ్రత్తగానే ఉండినా అనే సాకు చెల్లదు. 1987లో ఫ్యాక్టరీ చట్టంలో కొత్త అధ్యాయం చేర్చినారు. ఏ రసాయనం వాడుతున్నారో కార్మికులకు చెప్పల్ల, ప్రమాదం కనిపిస్తే హెచ్చరించే హక్కు కార్మికునికి ఉండల్ల అని. ఇన్ని ఉన్నా 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ లీకై, వెంకటాపురంలో నిద్రలో ఉన్నవాళ్ళ మీదికి వచ్చింది. 12 మంది పోయినారు. గ్రీన్ ట్రిబ్యునల్ వెంటనే 50 కోట్లు కట్టమన్నది. కాగితం మీద రాసుకున్నది వేరే, తెల్లవారుజామున ట్యాంకు కాడ ఉన్నది వేరే.

బాంబు వేసినవాడూ, వాషర్ మార్చనివాడూ ఒకటే అని నేను అనడం లేదు. కావాలని చంపడం వేరే, ఖర్చు చూసుకొని ఊరకుండటం వేరే. కానీ జవాబు అడిగే పద్ధతి మాత్రం రెంటికీ ఒకటే. ఎవరి కాడ సరుకు ఉంది, ఎవరు లెక్క రాసినారు, తాళం ఎవరిది, తీయమన్నది ఎవరు. ఈ నాలుగూ వదిలి "ఎవరి చెయ్యి తగిలింది" అని మాత్రమే అడిగితే ఎప్పుడూ చిన్నోడే దొరుకుతాడు.

కాబట్టి మనం చేయగలిగినవి చెప్తా. మీ సెక్షన్‌లో ఏ రసాయనం ఎంత ఉంది, గది తాళం, మాస్కుల బీరువా తాళం ఏ షిఫ్టులో ఎవరి కాడ ఉంటుందో అడిగి రాసి పెట్టుకోండి. రిపేరికి చీటీ ఇస్తే నకలు ఉంచుకోండి. క్లోరిన్ వాసన వస్తే గాలికి అడ్డంగా, మెరక దిక్కు పోండి, పల్లానికీ కింది గదులకూ పోవద్దు. ఇంట్లో ఆడపిల్లలకూ చెప్పండి: బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే వచ్చేది అదే క్లోరిన్.

ఆఖరుది: ఎంక్వైరీ కాగితం మీ ముందు పెడితే, జవాబులు చదివే ముందు ప్రశ్నలు చదవండి. అడగాల్సింది అడగకపోతే, అది రాయకుండా సంతకం చేయొద్దు.

ఈ పేజీ అచ్చై వచ్చినాక ఒక ప్రతి పట్టుకొని నేనే పాల అంగడి కాడికి పోతా. ఆ యమ్మకు ముందు నేనే చదివి వినిపించల్ల.