కొండదారికి బూట్లు కొంటున్నారా?

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి భవనాశిని వాగు వెంట రాళ్లదారే. చెప్పులతో వెళితే తడిరాళ్ల మీద కాలు జారుతుంది. అలాగని ఖరీదైన బరువు బూట్లేం అక్కర్లేదు. ట్రైల్ రన్నింగ్ షూస్ అని అడగండి, చవక రకమైనా చాలు. కాకపోతే ఇలా పరీక్షించి మరీ తీసుకోండి.

షాపుకి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. మేజోళ్లతోనే తొడిగి చూడండి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి. లేకపోతే కొండ దిగేటప్పుడు వేళ్లు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. షూని మెలిపెడితే తడిగుడ్డలా తిరిగిపోతే వద్దు. అడుగున గట్లు 3-4 మిల్లీమీటర్ల ఎత్తుంటే మట్టిలో పట్టు దొరుకుతుంది.

కొత్తవి తిన్నగా కొండకి వేసుకెళ్లకండి. వారంపాటు ఇంటి మెట్లు ఎక్కి దిగండి. పెరట్లో తడిబండ మీద, గోడ పట్టుకుని, మెల్లిగా అడుగేసి చూడండి. మడమ ఒరిసిపోతోందా? తప్పు అక్కడే తెలిసిపోతే మంచిదేగా!