ఇంటి వెనక కారు

మన షూటింగుల్లో స్టార్ల క్యారవాన్ చూసి నోరు వెళ్ళబెట్టే మిత్రులకి ఓ ప్రశ్న. 2002లో వచ్చిన 'అబౌట్ ష్మిట్'లో జాక్ నికల్సన్ 35 అడుగుల మోటార్ హోమ్ నడుపుకుంటూ కూతురి పెళ్ళికి డెన్వర్ వెళ్తాడు. మరి దారిలో పాలు కావాలంటే అంత ఇంటినీ దుకాణం దాకా తోలాలా?

అందుకే అమెరికాలో చాలామంది వెనకాల చిన్నకారు తగిలించుకుంటారు. "తాడు కడితే సరి" అనుకునేరు! ముందు కారు చట్రానికి ఇనప ప్లేటు బిగించాలి. దానికి టో బార్, అది ఊడినా కారు విడిపోకుండా గొలుసులు, వెనక లైట్లకి వైరింగు, పైగా కారుకి విడిగా బ్రేకు ఏర్పాటు.

అసలు విలన్ గేరుబాక్సు! చాలా ఆటోమేటిక్ కార్లలో ఇంజను తిరిగితేనే గేర్లకి ఆయిలు అందుతుంది. ఇంజను ఆపేసి, నాలుగు చక్రాలూ నేలమీదే ఉంచి మైళ్ళకొద్దీ లాక్కెళ్తే గేరుబాక్సు గోవిందా! కారుతోపాటు ఇచ్చే పుస్తకంలో 'ఇలా లాగవచ్చు' అని ఉంటేనే పని మొదలెట్టాలి. జీప్ రాంగ్లర్ లాంటివి ఈ పరీక్ష పాసవుతాయి.

ఇంకోమాట. కారు తగిలించాక రివర్స్ వెయ్యకూడదు. సందులో ఇరుక్కుంటే కారు విప్పాల్సిందే. సినిమాలో అయితే 'కట్' చెప్పడానికి డైరెక్టరుంటాడు. రోడ్డుమీద ఎవరుంటారు చెప్పండి?